‘24 గంటల నర్సింగ్ కేర్’ సరే, నర్సు ఎక్కడ?

సంపాదకుల వారికి,

మీ పత్రిక ఆదివారం క్లాసిఫైడ్స్‌లో ఈమధ్య వృద్ధుల హోమ్‌ల ప్రకటనలు బాగా పెరిగాయి. దాదాపు అన్నిట్లోనూ ‘24 గంటల నర్సింగ్ కేర్’ అని ఉంటోంది. ప్రభుత్వాసుపత్రిలో 32 ఏళ్లు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయినదాన్ని కాబట్టి, ఆ మాట చూస్తే ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయినేడు మా పెద్దక్కకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పిల్లలిద్దరూ దూరంగా ఉంటారు. నా మోకాళ్లు నన్నే మోయడం లేదు, ఆమెను లేపి కూర్చోబెట్టడం నావల్ల కాలేదు. హైదరాబాద్ శివార్లలో నెలకు 40 వేలు తీసుకునే ఒక హోమ్‌లో చేర్చాం. మూడో వారం చూడ్డానికి వెళ్లి, అలవాటు కొద్దీ దుప్పటి తీసి పక్కకు తిప్పితే నడుము కింద అరచేయంత పుండు!

రాత్రి ఎవరు చూసుకుంటారని అడిగితే ‘సిస్టర్ ఉంటుంది మేడమ్’ అన్నారు. పిలిపించారు. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఇంటర్ తప్పిందట, మనుషుల్ని పనికి పంపే ఏదో బ్యూరో తీసుకొచ్చి పెట్టింది. ఒంటి మీద నీలం యూనిఫాం, మెడలో ఐడీ కార్డు ఉన్నాయి, నర్సింగ్ చదువు మాత్రం లేదు. 28 మంది పెద్దవాళ్లకు రాత్రంతా ఈ పిల్ల, తోడుగా ఒక ఆయా. పక్క మార్చమని ఎవరూ చెప్పలేదా అమ్మా అంటే, ‘చెప్పిన్రు మేడమ్, ఒక్కదాన్నే అమ్మను తిప్పలేను’ అంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు.

లెక్క వేసి చూడండి. ఇలాంటి పుండ్లు పడకుండా ఉండాలంటే మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చాలి. 28 మందిలో పదిమంది అలాంటివాళ్లే అనుకుందాం. ఇద్దరు కలిసి తిప్పి, ఒళ్లు చూసి, తడిసిన గుడ్డ మార్చడానికి మనిషికి 5 నిమిషాలు. ఒక చుట్టుకు 50 నిమిషాలు. పన్నెండు గంటల రాత్రి డ్యూటీలో ఆరు చుట్లు, అంటే ఐదు గంటలు ఇద్దరికీ దీనికే సరిపోతుంది. మధ్యలో ఒకరికి ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టంలో (రైల్స్ ట్యూబ్) ఫీడ్ పెట్టాలి, ఒకరికి షుగర్ చూడాలి, యూరిన్ బ్యాగులు ఖాళీ చేయాలి. మతిమరుపు జబ్బున్న పెద్దాయన ఒకరు అర్ధరాత్రి లేచి ఊరికి పోవాలి, బస్సు టైమైందని తలుపు కొడుతుంటారు. ఆయన్ని ఊరడించడానికే అరగంట.

మనుషుల్ని పెంచితే చాలా అంటే, చాలదు. నొక్కితే తెల్లబడని ఎర్రటి మచ్చ పుండుకు మొదటి మెట్టని చదువుకున్న నర్సుకు తెలుస్తుంది. తల ఎత్తు పెట్టకుండా ట్యూబ్‌లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని తెలుస్తుంది. నిన్నటిదాకా బాగా మాట్లాడిన ముసలావిడ ఇవాళ తిక్కతిక్కగా మాట్లాడితే అది చాదస్తం కాదు, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, షుగర్ పడిపోవడమో అయి ఉండొచ్చని అనుమానం వస్తుంది. ఇవి రెండు వారాల్లో నేర్పి యూనిఫాం తొడిగితే వచ్చేవి కావు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివేది మూడేళ్లు.

మరి అలా చదివిన వాళ్లు హోమ్‌లకు ఎందుకు రారు? ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల గురించి 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం ఒక కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా 20 వేలకు తగ్గకూడదని ఆ కమిటీ చెప్పింది. అమలు సంగతి అందరికీ తెలిసిందే, కనీసం అడగడానికి ఒక అంకె అయినా ఉంది. హోమ్‌లో పనిచేసే నర్సుకు అదీ లేదు. పైగా అక్కడి అనుభవాన్ని పెద్ద ఆసుపత్రులు లెక్కలోకి తీసుకోవు.

అక్కను మా ఇంటికే తెచ్చేసుకున్నాం. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. డ్రెస్సింగ్ చేయడానికి వచ్చే జీఎన్ఎం అమ్మాయి బంగారం. సాయంత్రాలు జర్మన్ భాష క్లాసులకు వెళుతోంది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులను జర్మనీకి, జపాన్‌కు పంపుతోంది కదా. వెళ్లనివ్వండి, ఆ పిల్ల బతుకు బాగుపడుతుంది, ఆపమనే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే జపాన్‌లో వృద్ధుల నర్సింగ్ హోమ్‌కు నర్సులు, కేర్‌గివర్లు కలిపి ముగ్గురు పెద్దవాళ్లకు ఒకరు లెక్కన సిబ్బంది ఉండాలని నియమం ఉంది. మన పిల్లల్ని పంపేటప్పుడు ఆ నియమాన్ని కూడా కాస్త చదివి ఉంటే బాగుండేది.

మన దగ్గర 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. జిల్లాకు ఒకటైనా ఆశ్రమం, నిరుపేద వృద్ధులు 150 మందికి చోటు అంటుంది. డబ్బు తీసుకునే ప్రైవేటు హోమ్‌లకు, ఇళ్లకు మనుషుల్ని పంపే బ్యూరోలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెడతామని 2019లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. సభ గడువు తీరిపోయింది, బిల్లూ పోయింది. మళ్లీ వచ్చేదాకా రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన నర్సు లేని చోట బోర్డు మీద ‘నర్సింగ్’ అన్న మాట రాయకూడదనాలి. ఏ షిఫ్టులో ఎంతమంది నర్సులో గేటు దగ్గర రాసిపెట్టించాలి, రాత్రిపూట కూడా ఒకరు ఉండి తీరాలి. హోమ్‌లో చేసిన ఏళ్లను ప్రభుత్వ నియామకాల్లో అనుభవంగా లెక్కించాలి.

ఖర్చు పెరుగుతుందంటారు. పుండు ముదిరి ఆసుపత్రిలో చేరితే 70 దాటిన వాళ్లకు ఆయుష్మాన్ కార్డు మీద ఏటా 5 లక్షల దాకా వైద్యం ఉంది. పుండు పడకుండా చూసే నర్సుకు అందులో పైసా లేదు.

చివరగా మీకో విన్నపం. అలాంటి ప్రకటన తీసుకునేటప్పుడు, రాత్రి డ్యూటీ నర్సు రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వమని మీ క్లాసిఫైడ్స్ వాళ్లను అడగమనండి. ఆ తర్వాతి ఆదివారం ఎన్ని ప్రకటనలు వస్తాయో చూడాలనుంది.

- ఒక విశ్రాంత హెడ్ నర్సు, హనుమకొండ