ముఖానికి ఏదీ రాయొద్దన్నవాళ్లకు నా కృతజ్ఞతలు

ఒంగోలులో నాకు సాయం చేసిన కొందరికి థ్యాంక్స్ చెప్పుకుందామని ఇది రాస్తున్నా. ఎవరి పేర్లూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

ముప్ఫై దాటినా మొటిమలు వదలని ముఖం నాది. వచ్చేవి గడ్డం చుట్టూ, దవడ అంచున వస్తాయి. లోపల గట్టిగా ఉండి, ముట్టుకుంటే నొప్పి. దానికి తోడు చర్మం మహా సున్నితం. ఏది రాసినా ముందు మంట, తర్వాత ఎరుపు, ఆ తర్వాత పొట్టు లేవడం. మొటిమలకని గట్టి మందు రాస్తే చర్మం ఓర్చుకోదు. చర్మానికి హాయిగా ఉంటుందని జిడ్డు క్రీము రాస్తే మొటిమలు పెరుగుతాయి. పైగా నా ఉద్యోగం చీమకుర్తిలో, ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. రోజూ బస్సు, ఎండ, చెమట, దుమ్ము, మాస్కు.

ఇలాంటి ముఖం ఉన్నవాళ్లకు సలహాలకేం కొదవ? శనగపిండిలో నిమ్మకాయ పిండమన్నవాళ్లున్నారు, ముల్తానీ మట్టి అన్నవాళ్లున్నారు, రాత్రి పడుకునేటప్పుడు మొటిమ మీద టూత్‌పేస్ట్ పెట్టమన్నవాళ్లున్నారు. ఒకసారి పెళ్లి భోజనాల దగ్గర ముక్కూమొహం తెలియని ఒకావిడ, విస్తట్లో పప్పు కలుపుకుంటూనే, నా గడ్డం వైపు చూసి వేపాకు కషాయం చెప్పింది. అందరూ ప్రేమతోనే చెప్పారు, కాదనను. కాకపోతే అందరూ ఏదో ఒకటి రాసుకోమనే చెప్పారు. నాకు అక్కరకొచ్చింది మాత్రం రాయొద్దన్నవాళ్ల మాట.

అందులో మొదటివారు కర్నూలు రోడ్డులో మా ఇంటి దగ్గరి మెడికల్ షాపు పెద్దాయన. మా పిన్ని కూతురు ఒక క్రీము వాడుతోంది, ముఖం పదిహేను రోజుల్లో తేటపడిందని ఇంట్లో అందరూ ఒకటే పొగడ్తలు. నేనూ ఆ ట్యూబు ఫొటో ఫోన్‌లో పెట్టుకుని షాపుకు వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని ఫొటో పెద్దది చేసి చూసి, "ఇది ఎవరు రాశారమ్మా నీకు?" అన్నారు. ఎవరూ రాయలేదన్నాను. "అయితే నేనివ్వను. వేరే షాపులో అడిగితే ఇస్తారేమో, అక్కడ కూడా తీసుకోవాకు" అన్నారు. షాపులో రద్దీగా ఉన్నా, వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నా, ఆగి మరీ అందులో ఏమున్నాయో చెప్పారు. మోమెటసోన్ అనే స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మూడూ కలిపిన క్రీము అది. మంగు మచ్చలకు డాక్టర్లు కొద్ది రోజులకని చూసి రాస్తారట. జనం దాన్ని ఫెయిర్‌నెస్ క్రీములాగా ఏళ్ల తరబడి రాసుకుంటున్నారు. మొదట్లో ఎరుపు తగ్గి ముఖం నున్నగా, తెల్లగా కనపడుతుంది, అందుకే అందరూ దానికి పడిపోతారు. రాస్తూ పోతే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనపడతాయి, మొటిమలు గుంపులుగా వస్తాయి. ఆపితే మంటా ఎరుపూ తిరగబెడతాయి, దాంతో మళ్లీ అదే ట్యూబు కొంటారు. ముఖానికి రాసే ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఎంతమంది అడగ్గానే ఇస్తున్నారో మనందరికీ తెలుసు. చేతికొచ్చిన బేరాన్ని వద్దనుకుని నన్ను వెనక్కి పంపిన ఆ పెద్దాయనకు నేను రుణపడి ఉన్నాను. రిమ్స్‌లో చర్మం ఓపీకి వెళ్లమని చెప్పిందీ ఆయనే.

ఊళ్లో అందరూ ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ఆ పెద్దాసుపత్రిలో నన్ను చూసిన డాక్టరమ్మ గురించి ఎంత రాసినా తక్కువే. బయట అంత క్యూ ఉండి కూడా ఆవిడ నా ముఖం కంటే ముందు నా అలవాట్లు చూశారు. తలకు ఏ నూనె, ఎప్పుడు రాస్తారు? మాస్కు ఎన్ని గంటలు? నెలసరి సరిగ్గా వస్తోందా? ఆ తేదీకి ముందు మొటిమలు ఎక్కువవుతాయా? గడ్డం మీద వెంట్రుకలు ముదురుగా వస్తున్నాయా? టీనేజీ దాటిన ఆడవాళ్లకు దవడ దగ్గర వచ్చే మొటిమల వెనక హార్మోన్లు ఉండొచ్చు కాబట్టి పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూడాలన్నారు. పరీక్షల్లో నాకేమీ రాలేదు. పిల్లల కోసం చూస్తున్నారా అని కూడా అడిగారు. ఆ ప్రశ్న ఎందుకో తర్వాత అర్థమైంది, మొటిమలకు రాసే కొన్ని మందులు గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు.

మందు రాస్తారని చీటీ వైపు చూస్తుంటే, "ముందు అన్నీ ఆపేయండి" అన్నారు. సబ్బు, స్క్రబ్, టోనర్, రోజ్‌వాటర్, ఇంటి ప్యాకులు, అన్నీ. కొన్ని వారాలు మూడే మూడు. సువాసన లేని మైల్డ్ ఫేస్‌వాష్ పొద్దున, రాత్రి. ముఖం కాస్త తడిగా ఉండగానే సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు), గ్లిజరిన్ ఉన్న పలచటి మాయిశ్చరైజర్. పగలు సన్‌స్క్రీన్. తువ్వాలుతో రుద్దొద్దు, అద్దుకోండి. కొత్తది ఏది కొన్నా చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ కొన్ని రోజులు రాసి చూశాకే ముఖానికి. ఇంతే. ఇంత దూరం వచ్చి క్యూలో నిలబడింది దీనికా అని నాకు లోపల అనిపించిన మాట నిజం. కానీ మంట ముందు తగ్గింది. తల స్నానం చేసొచ్చాక ముఖం ఎర్రబడటం పోయింది. మొటిమలు మాత్రం ఉన్నాయి, వాటి పని తర్వాత అని ఆవిడ ముందే చెప్పారు.

చర్మం కుదుటపడ్డాక అడాపలీన్ 0.1 శాతం జెల్ రాశారు. అది కూడా రోజూ కాదు, వారానికి రెండు రాత్రులతో మొదలు. ముందు మాయిశ్చరైజర్ రాసి, అది ఆరాక, బఠానీ గింజంత జెల్ ముఖమంతటికీ పలచగా. మొటిమ మీద మాత్రమే పెట్టొద్దు, కొత్తవి రాకుండా చూడటమే దీని పని అన్నారు. మొదట్లో పెరిగినట్టు కనపడొచ్చు, 8 నుంచి 12 వారాలు ఆగితే గానీ ఫలితం తెలియదు, మధ్యలో టెన్షన్ పడి మానేయొద్దు అని చెప్పారు. నిజంగానే మధ్యలో కాస్త ఎక్కువయ్యాయి. ముందే చెప్పి ఉండకపోతే నేను ఆ ట్యూబును కాలవలో పారేసేదాన్ని. తర్వాత నల్లమచ్చలకు అజెలాయిక్ యాసిడ్ కలిపారు, అది రాసినప్పుడు కొద్దిసేపు చురుక్కుమంటుంది, తర్వాత సర్దుకుంటుంది. మొటిమ తగ్గాక మిగిలే మచ్చ మనలాంటి చామనఛాయ చర్మంలో నెలల తరబడి ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. అందుకే సన్‌స్క్రీన్ మీద ఆవిడ అంత గట్టిగా పట్టుబట్టారు.

సన్‌స్క్రీన్ సంగతి వేరే చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు మనవి. మొదట కొన్నది చెమటతో కలిసి కళ్లలోకి దిగి బస్సులో కన్నీళ్లు పెట్టించింది. జింక్ ఆక్సైడ్ ఉన్నది మంట పుట్టించలేదు, కానీ ముఖానికి సున్నం కొట్టినట్టు తెల్లగా తేలింది. చివరికి రంగు కలిసిన జింక్‌ది కుదిరింది. ఆ రంగు కోసం కలిపే ఐరన్ ఆక్సైడ్లు మామూలు వెలుతురును కూడా కొంత ఆపుతాయట, మచ్చలకు అది ఇంకా మంచిదే. రెండు వేళ్ల పొడవునా పిండినంత రాయాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. గొడుగు కూడా మందే అన్నారు డాక్టరమ్మ. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే గొడుగుకు రియాక్షన్ రాదు.

మా ఆడపడుచు కూతురికి ప్రత్యేకంగా థ్యాంక్స్. ఇంటర్ బైపీసీ చదువుతోంది. సబ్బు ఎందుకు మానాలో ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరడం లేదని, ఆమ్లమో క్షారమో రంగు మారి చూపించే పీహెచ్ పేపర్ తెచ్చి వంటింటి గట్టు మీద ప్రాక్టికల్ చేసి చూపించింది. మన చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా, 5కు అటూఇటుగా ఉంటుందట. నిమ్మరసంలో ముంచితే కాగితం ఎర్రగా తిరిగింది, అంటే 2, 3 దగ్గర. సబ్బు నురగలో నీలంగా మారింది, 9, 10 దగ్గర. నా ఫేస్‌వాష్‌లో పసుపుపచ్చగానే ఉండిపోయింది. "అత్తా, నువ్వు ఒకరోజు ఇటు, ఒకరోజు అటు లాగుతుంటే పాపం అదేం చేస్తుంది?" అంది. ఇంట్లో మారు మాట లేదు. మా ఆయన కూడా ఆ రోజు నుంచి నా ఫేస్‌వాష్‌నే వాడేస్తున్నాడు, అది వేరే ఖర్చు.

మా అత్తయ్యకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. భోగి రోజు నలుగు పెట్టకుండా ఎవరినీ వదలని మనిషి. ఈసారి ఒళ్లంతా పెట్టి, ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆగి, "డాక్టరు వద్దందిగా" అని తనే అనేసింది. రాత్రి తలకు కొబ్బరినూనె పట్టించడం కూడా మాన్పించింది. నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు తగ్గింది దానివల్లే. ఇప్పుడు తలంటు పోసుకునే ముందు గంట సేపు రాసుకుని కడిగేస్తున్నా, దిండు గలీబు తరచూ మారుస్తున్నాం.

ఇక ఆఫీసులో మా మేనేజర్ గారు. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు, కాబట్టి యార్డులోకి వెళ్తే మాస్కు తప్పదు. అది ఒరుసుకుని ఒరుసుకుని గడ్డం మీద పుండ్లయ్యేవి. డాక్టరు చెప్పింది చెబితే, నా టేబుల్‌ను కటింగ్ షెడ్డు వైపు కిటికీ దగ్గర నుంచి లోపలి గదిలోకి మార్పించారు. మాస్కు యార్డు వరకే, అదీ రోజుకొకటి కొత్తది. రెండు మాటల్లో అయిపోయిన పని, ఆయనకు గుర్తు కూడా ఉండకపోవచ్చు.

నెలసరి తేదీకి ముందు ఒకటీ అరా మొటిమలు ఇప్పటికీ వస్తున్నాయి. మచ్చలు పోతున్నాయి గానీ నిదానంగా. ఏ కంపెనీది వాడుతున్నావని అడిగేవాళ్లకు పేర్లు చెప్పడం లేదు, ఏమీ అనుకోవద్దు. నాకు పడింది మీకు పడాలని లేదు. ఓపీకి వెళ్లేవాళ్లు మాత్రం ఇంట్లో ముఖానికి వాడుతున్నవన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి, పౌడరు రాసుకోకుండా వెళ్లండి.

మా పిన్ని కూతురు ఆ క్రీము విషయంలో ఇన్నాళ్లకు మాట వింది. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడితే చాలు దాని ముఖం మండిపోతోంది. తన గురించి రాయొచ్చని తనే చెప్పింది, దానికీ థ్యాంక్స్. ఒక్కసారిగా ఆపితే తిరగబెడుతుందేమో, డాక్టరు చెప్పినట్టు ఆపుదామన్నాను. వచ్చే సోమవారం రిమ్స్‌కు నేనే తీసుకెళ్తున్నా. ఆ ట్యూబు పారేయకుండా తెమ్మని చెప్పాను, డాక్టరమ్మకు చూపించాలి.