ఈ ఉత్తరం ఆ ఫొటో గురించి కాదు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు పోయిన నెల మీద నయం. ఇన్వర్టరు బ్యాటరీ మార్పించాను. ఫోన్లో చెప్పొచ్చుగా, ఉత్తరమెందుకు అంటావు. మూడు ఆదివారాలుగా నీ ఫోను లేదు. మేం చేస్తే "బిజీ నాన్నా, తర్వాత చేస్తా" అని ఒక మెసేజి, దాని వెనకాల ఒక బొటనవేలు బొమ్మ. ఆ బొటనవేలితో ఎంతసేపని మాట్లాడతాం? శుక్రవారం రవి వాళ్ల అత్తగారు ఆస్టిన్ వస్తున్నారు. ఆవిడ చేతికిస్తే చేరుతుందని రాస్తున్నా.

విశేషమేమీ లేదు. ఈసారి వచ్చినప్పుడు ఏయే హాట్ రాడ్ షోలకి, అదే వేగం కోసం మార్చి కట్టిన పాత కార్ల షోలకి, వెళ్దామో ఆలోచించి పెట్టుకోమన్నావు కదా, డైరీలో రాసుకున్నవన్నీ నీకు చెబుదామని.

నువ్వు వెల్డింగు చేస్తున్న ఆ ఫొటో చూశాం. శ్రీను గాడు చూపించాడు. వెల్డింగు బాగానే వచ్చింది, కుట్టు సమంగా పడింది, కుడి చివర మాత్రం చెయ్యి తొందరపడింది. ఎడమ చేతికి గ్లౌజేదీ? జుట్టు అలా వదిలేసి నిప్పురవ్వల దగ్గర కూర్చుంటారా ఎవరైనా? శ్రీను లెక్క ప్రకారం అది ఇక్కడ బుధవారం రాత్రి పదకొండున్నరకి పెట్టిందట, అంటే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడ బుధవారం సెలవేమో అనుకున్నాను. లేకపోతే లంచి టైములో చేసుకున్నావేమో. సరే, షోల సంగతికొస్తా.

మీ ఊళ్లో ఏప్రిల్‌లో జరిగే లోన్‌స్టార్ రౌండప్‌కి నా ఓటు మళ్లీ వేస్తున్నా. 1963కి ఇవతల తయారైన బండిని లోపలికి రానివ్వరు, ఆ పట్టుదల నాకు నచ్చింది. అక్కడ ఒకాయన గీతలు గీస్తుంటే గంటన్నర నిలబడిపోయాను, గుర్తుందా? పొడవాటి వెంట్రుకల కుంచెతో, స్కేలు లేకుండా, బానెట్టు మీద ఊపిరి బిగబట్టి ఒకే లాగుడు. మన మస్తాన్ లారీ డోర్ల మీద గీసేది అచ్చం అలాగే. ఆయన ఒక్క డోరుకి తీసుకున్న డబ్బులు చెబితే మస్తాన్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అసలు హాట్ రాడ్ అంటే ఏంటి మేస్త్రీ అని ఆటోనగర్లో అందరూ అడుగుతారు. మనం అంబాసిడర్లో మెటాడోర్ డీజిలు ఇంజను ఎక్కించలేదూ, అదేరా అంటాను. మనం డీజిలు చవకని ఎక్కించాం, వాళ్లు వేగం కోసం ఎక్కించారు. 1932లో ఫోర్డు కంపెనీ వి-8 ఇంజనుని మామూలు జనం కొనుక్కునే ధరకి అమ్మింది. పదేళ్లకి అవి సెకండ్ హ్యాండులో కుర్రాళ్ల చేతికొచ్చాయి. మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువుల్లో పందేలు పెట్టుకున్నారు. ఇదంతా నువ్వు చెప్పిందే, నీకే తిరిగి చెబుతున్నా.

పొమోనాలో చలికాలం జరిగే రోడ్‌స్టర్ షో, డెట్రాయిట్ ఆటోరామా, ఈ రెండూ చూడాల్సినవే అన్నావు. పొమోనాది 1950లో ఓక్లండ్‌లో మొదలై, 2004లో అక్కడికి మారిందట. గెలిచిన బండి పక్కన తొమ్మిదడుగుల కప్పు నిలబెడతారు. అంత కప్పు ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారు? డెట్రాయిట్ రిడ్లర్ బహుమతికి బండిని అంతకుముందు ఏ షోలోనూ పెట్టి ఉండకూడదు. బయటికి తియ్యకుండా ఏళ్లకేళ్లు దాచి, కోట్లు ధారపోసి కడతారు, వచ్చేది పదివేల డాలర్లు. ఇది వ్యాపారం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి. నిన్ననడం లేదు, ఊరికే చెబుతున్నా. కింద అద్దాలు పరిచి, ఆయిలు చుక్క కూడా పడని బండ్లని చూస్తే నాకు పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లల్లా ఉంటాయి. పైగా డెట్రాయిట్ అంటే ఫిబ్రవరి, మార్చి. మీ అమ్మ మోకాలికి ఆ చలి పడదు. దాన్ని కొట్టేశాను.

మిగతావన్నీ ఎండాకాలంలో, అందులోనూ ఆగస్టులో వచ్చిపడ్డాయి. లూయివిల్‌లో స్ట్రీట్ రాడ్ నేషనల్స్ ఆగస్టే. 1970లో పియోరియాలో మొదలైందట, ఇప్పుడు పదివేల బండ్లు వస్తాయంటున్నావు. ఒక్క రోజులో చూడలేం, కుర్చీలు పట్టుకెళ్లాలి. రీనోలో హాట్ ఆగస్ట్ నైట్స్ పేరులోనే ఉంది. అక్కడ రోడ్డు కిరువైపులా జూదం ఇళ్లు, ఎవరు పిలిచినా లోపలికి వెళ్లకు. ప్లెజంటన్‌ది ఆగస్టు చివర, బాబాయి ఇల్లు దగ్గర కాబట్టి గది ఖర్చుండదు, పిన్ని ఉప్మా భరించాలి అంతే. జూన్‌లో సెయింట్ పాల్‌లో జరిగే బ్యాక్ టు ద ఫిఫ్టీస్ ఒక్కటే ఖాళీగా ఉంది. 1964 దాకా బండ్లు, చెట్ల నీడ, మెల్లగా తిరగడం. ముసలివాళ్లకి అదే మంచిది. ఆగస్టు షోలకేమో శ్రావణమాసం అడ్డు, అప్పుడు ఊళ్లు తిరగనంటుంది మీ అమ్మ. తిరగనన్న మనిషి మొన్న ఉప్పు మైదానంలో వేగం పందేలు జరిగే బోనవిల్‌లో ఏం చేసిందో నీకు తెలుసు.

బోనవిల్‌కి మాత్రం మళ్లీ వెళ్లాలి. మిగతావన్నీ చూడ్డానికి, అదొక్కటే తోలడానికి. సాల్ట్ లేక్ సిటీ నుంచి ఆ రెండు గంటల దారిలో నువ్వు ఎనభై దాటి తోలావు, అప్పుడు అనలేదు, ఇప్పుడంటున్నా. చినగంజాం ఉప్పుమళ్లు చూసినవాణ్ణి కదా, ఉప్పు నాకు కొత్తేంటి అనుకున్నా. దిగాక నోట మాట రాలేదు. కనుచూపు ఆనినంత మేర తెలుపు, కొండలు గాల్లో తేలుతున్నట్టు. టోపీ పెట్టుకున్నాను కదా అని ధీమాగా ఉంటే, ఎండ కింద ఉప్పు నుంచి పైకి కొట్టి గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర కమిలిపోయింది. ఈసారి క్రీము కిందనుంచి కూడా రాసుకోవాలి. నువ్వూ రాసుకో.

ఆ పెద్దాయన్ని రోజూ తలుచుకుంటాను. డెబ్భై ఆరేళ్ల మనిషి, 1929 ఫోర్డు రోడ్‌స్టర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని హెడ్డు బిగిస్తున్నాడు. చూడగానే నాకు ఇంజను పట్టుబడింది. ఫ్లాట్‌హెడ్. వాల్వులు బ్లాకులో ఉంటాయి, పైన హెడ్డు గిన్నె మీద మూతలా. నేను పని నేర్చుకునేటప్పుడు మా గురువుగారి దగ్గరికి వచ్చే పాత విల్లీస్ జీపులు ఇదే పద్ధతి. దాంట్లో పొగ బయటికి పోయే దారి బ్లాకు లోంచే, అందుకే తొందరగా వేడెక్కుతుంది. గాస్కెట్టు అంచున ఒక నీటి బొట్టు కనపడింది నాకు. వేలు పెట్టి చూపించాను. ఆయన నన్ను, వేలిని, బొట్టుని మార్చి మార్చి చూసి, మొదటి నుంచి మళ్లీ బిగించడం మొదలెట్టాడు. ఒక్కో హెడ్డుకి ఇరవై నాలుగు బోల్టులు. నడిమి నుంచి మొదలెట్టి బయటికి, మూడు విడతల్లో, మా గురువుగారు నేర్పిన వరసే! ఎవరు నేర్పారో ఆయనకి.

ఎండకి ఆయన మెడ ఎర్రగా కాలిపోతోంది. మీ అమ్మ నల్ల గొడుగు పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే ఆయనా అనడం మొదలెట్టాడు. పదమూడు దగ్గర నాలుక తిరగలేదు, మూడుసార్లూ తిరగలేదు. ఆ సాయంత్రానికి మనం ఆయన టీములో మనుషులమయ్యాం.

మర్నాడు బుధవారం. అవును, అదీ బుధవారమే. అప్పుడు నువ్వు వారం రోజులు సెలవు పెట్టుకుని వచ్చావు, ఆఫీసు వాళ్ల మెయిలు నాకు చూపించావు కూడా. మొదటి పరుగులో ఆయన తన క్లాసు రికార్డుని గంటకి ఒక మైలు తేడాతో దాటాడు. దాటితే అయిపోలేదు, బండిని వాళ్ల కాపలాలో పెట్టాలి, నాలుగ్గంటలకు మించి ముట్టుకోకూడదు, మర్నాడు తెల్లారి మళ్లీ పరిగెత్తాలి, రెండిటి సగటు రికార్డుని మించాలి. ఇంత న్యాయమైన పద్ధతి నేనెక్కడా చూడలేదు. ఒకసారి అదృష్టం కలిసొస్తుంది, రెండోసారి పనితనమే మాట్లాడాలి. గురువారం చీకటితో లేచాం. చల్లగాలికి ఇంజను బాగా లాగుతుందని నేనన్నా. లాగింది, కానీ మూడో మైలులో ఎక్కడో తడబడింది. సగటు అర మైలు తక్కువ. నాకు గొంతు పట్టుకుపోయింది. ఆయనేమో హెల్మెట్టు తీసి పకపకా నవ్వాడు, వచ్చే ఆగస్టుకి చూద్దాం అన్నాడు. శుక్రవారం వీడ్కోలు చెప్పడానికి మోటెలుకి వస్తే, మీ అమ్మ గదిలో చెంబు మీద కొబ్బరికాయ పెట్టి శ్రావణ శుక్రవారం పూజ చేస్తోంది. చెప్పులు బయట విప్పించి పులిహోర పెట్టింది. మిరపకాయ పక్కన పెట్టమని చెప్పడం మర్చిపోయాం, పాపం.

ఆయన ఏం పని చేసేవాడో నువ్వే అడిగి చెప్పావు. ముప్పై రెండేళ్లు పోస్టాఫీసులో. ఉత్తరాలు పంచి, ఇంటికొచ్చి, భోంచేసి, రాత్రిళ్లు ఆ బండి కట్టుకున్నాడు. నెల జీతం, పింఛను, ఆరోగ్య బీమా అన్నీ ఉన్నాయి. అభిరుచి వేరు, అన్నం వేరు. ఇనుముతో పని అంటే నాకంటే ఎవరికెక్కువ తెలుసు? నలభై దాటాక నడుము పట్టేస్తుంది, యాభైకి చెవులు పోతాయి, నన్ను చూడు. నీ చేతికి గ్రీజు అంటకూడదనే కదా మీ అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి... లెక్చరు ఇవ్వనని మీ అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను రాయడానికి. ఇక్కడితో ఆపుతున్నా.

కామేశ్వరి పిన్నికి నోరు ఆగదని తెలుసు కదా. నువ్వు ఉద్యోగం మానేశావనీ, ఆ బండ్లు కట్టే షెడ్డులో చేరావనీ ఎవరో చెప్పారట. నేను నమ్మలేదు. మానేస్తే మాకు చెప్పదా అన్నాను. అయితే శ్రీను గాడొకటి అన్నాడు, హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే అరవై రోజులే గడువుంటుందని. నీ గురించి కాదు, మామూలుగా అడిగాను వాణ్ణి. ఇంకో కంపెనీ కాగితాలు పెట్టాలట కదా? షెడ్డు వాళ్లు అలాంటి కాగితాలు పెడతారా?

నేను ఆర్టీసీ డిపో వదిలేసి షెడ్డు పెట్టినప్పుడు తాతయ్యకి ఐదు నెలలు చెప్పలేదు. ఖాకీ చొక్కా తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని, డ్యూటీకి పోతున్నట్టే బయల్దేరేవాణ్ణి. అది వేరు. నాకు వీసా లేదు.

బోనవిల్‌కి గది బుక్ చేస్తే డబ్బులు తిరిగొచ్చేట్టు చెయ్యి. 1949 నుంచి జరుగుతున్నా, నీళ్లు నిలిచి ఉప్పు గట్టిపడక 2014, 2015 రెండేళ్లు వరసగా రద్దయింది, 2022లోనూ వాన ముంచింది. అద్దె కారు తిరిగిచ్చే ముందు కింద అంతా కడగాలి, పోయినసారి నేను పడుకుని కడిగాను కాబట్టి సరిపోయింది. ఉప్పు వదిలేస్తే ఇనుముని చెదలా తినేస్తుంది. పాత బండి రంగు గీకేటప్పుడు మాస్కు లేకుండా గీకకు, ఆ కాలం రంగుల్లో సీసం ఉండేది. జింకు పూత ఉన్న రేకుని వెల్డింగు చేస్తే ఆ పొగ పీల్చకు, రాత్రికి జ్వరం వస్తుంది.

డబ్బాలో గోంగూర, కంది పొడి, మీ అమ్మ చేసిన సున్నుండలు. సున్నుండల కింద గుడ్డలో చుట్టి నా మైక్రోమీటరు పెట్టాను. మిల్లీమీటర్లది. అక్కడ అన్నీ ఇంచీల్లో కొలుస్తారు కాబట్టి పనికొస్తుందో రాదో. ఇక్కడ ఊరికే పడుంది, నా కళ్లకి గీతలు ఆనడం లేదు. కింద పడేస్తే సున్నా తప్పుతుంది, జాగ్రత్త. నూనె గుడ్డతో తుడిచి పెట్టు, కారులో వదిలెయ్యకు.

అమ్మ అన్నం పెట్టి పిలుస్తోంది. ఈ ఆదివారం ఫోన్ చెయ్యి. ఏమీ చెప్పక్కర్లేదు, ఆ అరవై రోజుల లెక్క ఏ తారీఖు నుంచి మొదలైందో ఒక్కటి చెప్పు చాలు.

మీ నాన్న