జీతం రాకముందే మొదలయ్యే ఖర్చు

ఎడిటర్ గారికి నమస్కారం.

“పనులు బోలెడున్నాయి, చేసేవాళ్లే దొరకడం లేదు” అని ఈమధ్య ఎవరిని కదిపినా అంటున్నారు. అలా అనేవాళ్లు నగరం చివర పేదల కాలనీలో కొన్నాళ్లుండి, అక్కణ్నుంచి ఉద్యోగం వెతుక్కుని చూస్తే బాగుంటుంది. నేను అలాంటి చోటే ఉంటున్నా కాబట్టి చెబుతున్నా, మాకు ఒళ్లు వంగక కాదు, పని దగ్గరికి చేరడానికే సగం ఓపిక అయిపోతోంది.

షిఫ్ట్ పొద్దున ఆరింటికి అంటారు. మా వైపు నుంచి మొదటి బస్సు బయల్దేరేదే ఆరింటికి, పైగా మధ్యలో దిగి ఇంకోటి పట్టుకోవాలి. రాత్రి షిఫ్ట్ వదిలాక తిరుగు బస్సే ఉండదు, ఆటో మాట్లాడుకుంటే ఆ రోజు సంపాదన చాలావరకు దానికే పోతుంది. ఇక ఇంటర్వ్యూలైతే, ఫోన్ చేసి రమ్మంటారు, తీరా వెళ్లాక “సార్ ఇవాళ లేరు, రేపు రండి” అంటారు. పక్క వీధిలో ఉండేవాళ్లకు అది కాసేపు విసుగు, అంతే. మాకు మాత్రం ఆ రోజు కూలి, రానూపోనూ ఛార్జీలు, పిల్లల్ని చూసుకోమని ఎవరినో బతిమాలిన మాటలు అన్నీ దండగే. ఒకచోట నా అప్లికేషన్ తీసుకున్నావిడ అడ్రస్ రాసిన గడి మీద వేలు పెట్టి “ఇంత దూరమా, రోజూ టైముకి రాగలరా?” అని అడిగింది, నేను నోరు తెరిచేలోపే కాగితాన్ని పక్కన వేరే కట్టలో పెట్టేసింది. నా చదువు, అనుభవం రాసిన వైపు తిప్పి కూడా చూడలేదు.

ఇదేదో నా ఒక్కదాని గోల అనుకోకండి. అమెరికాలో జాన్ కెయిన్ అనే ఆర్థికవేత్త 1968లోనే డెట్రాయిట్, షికాగో నగరాల లెక్కలు తీసి, ఉద్యోగాలు శివార్లకు తరలిపోతుంటే ఇళ్ల విషయంలో ఉన్న వివక్ష వల్ల నల్లజాతివాళ్లు వాటి వెంట వెళ్లలేక పనికి దూరమవుతున్నారని రాశాడు. అక్కడ పని బయటికి పోయింది, చాలాచోట్ల మనుషుల్నే బయటికి పంపుతున్నారు. ఎటు పోయినా ఛార్జీలు కట్టుకునేది మాత్రం పేదవాళ్లే.

ఇళ్లు ఇచ్చాం కదా అంటారు. అహ్మదాబాద్‌లో 1987లో లాటరీ తీసి మురికివాడల్లోని మహిళా కార్మికులకు ఊరి శివార్లలో ఇళ్లిచ్చారు. చాలా ఏళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే, ఇల్లు వచ్చినవాళ్లలో మూడింట ఒక వంతు మంది అసలు అక్కడికి మారనే లేదు, దాదాపు మరో వంతు మంది కొన్నాళ్లుండి వచ్చేశారు. ఇల్లు మెరుగైంది గానీ కుటుంబాల ఆదాయం పెరగలేదు, అయినవాళ్లకు మాత్రం దూరమైపోయారు. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ లేదు. మాలాంటివాళ్లకు పని దొరికేది చాలాసార్లు “ఫలానా చోట మనిషి కావాలట, పొద్దున్నే వెళ్లు” అని ఎవరో చెబితేనే, ఆ చెప్పేవాళ్లందరినీ ఇదివరకు ఉన్న బస్తీలోనే వదిలేసి వచ్చాక ఇంకెవరు చెబుతారు?

అలాగని బస్సు ఛార్జీ చేతిలో పెడితే అన్నీ సర్దుకుంటాయని కూడా అనను. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో పని వెతుక్కునే యువతకు ఛార్జీలు ఇచ్చి చూశారు, కొత్తలో పర్మినెంట్ ఉద్యోగాలు పెరిగాయి, నాలుగేళ్ల తర్వాత చూస్తే ఆ తేడా నిలవలేదు. అప్లికేషన్ ఎలా రాయాలో నేర్పి, నైపుణ్యానికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకు మాత్రం అప్పటికీ ఆదాయం ఎక్కువగానే ఉంది. రెండూ కలిపి ఇస్తే మంచిదని నా ఉద్దేశం. ఎందుకంటే వెతుక్కునే రోజులు, చేరాక మొదటి జీతం వచ్చేదాకా గడిపే నెల, ఈ రెండే మమ్మల్ని అప్పుల్లోకి తోసేవి. ఉద్యోగం వచ్చి కూడా ఆ నెల దాటలేక మానేసినవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. బస్సుల టైములు వేసేవాళ్లు షిఫ్టులు ఎన్నింటికి మారతాయో ఒక్కసారి కనుక్కుంటే, అది పెద్ద ఖర్చయ్యే పని కూడా కాదు.

చివరగా మీకే ఒక విన్నపం. మీ పేపర్లో ఉద్యోగ ప్రకటనలు ఇచ్చేవాళ్లను, పని చేయాల్సింది ఏ ఏరియాలో, షిఫ్ట్ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి వదులుతారు, మొదట ఫోన్లో మాట్లాడితే సరిపోతుందా అనే మూడు ముక్కలు తప్పనిసరిగా రాయమనండి. హెడ్డాఫీసు అడ్రస్ ఒకటి వేసి, అక్కడిదాకా వెళ్లాక “పని మాత్రం ఊరికి ఆ చివర” అనేవాళ్లు బోలెడుమంది.

ఇట్లు,
మీ పాఠకురాలు