కారిన లక్కరుకు తొందర పనికిరాదు

సంపాదకులకు,

గృహప్రవేశం ముహూర్తం నెత్తి మీదికి వచ్చాకే మన దగ్గర చాలా ఇండ్లల్లో పెద్ద దర్వాజకు స్ప్రే లక్కరు (చెక్క మీద మెరుపు పూత) కొట్టిస్తున్నారు. ఆ హడావుడిలో ఎక్కడో ఒకచోట మందంగా పడి కారుతుంది. చూడగానే ఇంటివారు థిన్నర్ (లక్కరును పలుచన చేసే ద్రవం) గుడ్డతో తుడిచేయమంటారు. ఎక్కువ తలుపులు ఆ తుడుపుతోనే పాడవుతున్నాయి. గుడ్డ తగిలితే కింది కోటు కూడా కరిగి ముద్ద కడుతుంది, కొన్నిసార్లు రంగు కూడా లేచిపోతుంది.

పచ్చిగా ఉన్నప్పుడు కనబడితే తలుపును రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టాలి. జారడం ఆగి కొంతవరకు అదే సర్దుకుంటుంది. బిగించిన తలుపైతే బొట్టు చివరను పొడి బ్రష్ కొసతో ఒక్కసారి అందుకొని వదిలేయాలి. అంతకు మించి ముట్టుకోవద్దు.

తర్వాత ఎండనివ్వాలి. అసలు పని ఇదే. కారిన చారకు పైన పొర ముందే గట్టిపడి, లోపల థిన్నర్ చిక్కుకొని ఉంటుంది. పక్కనంతా గంటలో ఆరినా చారకు ఒక రోజు, మందపు బొట్టుకు రెండు మూడు రోజులు, వానకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. ముక్కు దగ్గర పెట్టి చూస్తే థిన్నర్ వాసన వస్తోందంటే, గోటితో నొక్కితే గుంట పడుతోందంటే ఆగాలి. పచ్చిమీద గీకితే చార జిగురులా బ్లేడుకు చుట్టుకొని, కింది పొరను ఊడబీకి గుంట చేస్తుంది. ఎండినదైతే తెల్లని పొడిగా రాలుతుంది.

గీకడానికి కొత్త బ్లేడు తీసుకొని రెండు చివరలకూ ఒక్కో చుట్టు సెల్లో టేపు వేయాలి. మధ్యలో చార వెడల్పు మేర మాత్రమే పదును వదలాలి. టేపు చుట్టుపక్కల ఫినిషింగ్ మీద ఆనుతుంది, పదును ఎత్తుగా ఉన్న చారనే తీస్తుంది. బ్లేడును నిలువుగా పట్టి తేలిగ్గా లాగాలి. టేపు మందమంత మిగిలాక, చదునైన చిన్న చెక్కముక్కకు 400 నంబరు గరుకు పేపరు చుట్టి రుద్దాలి, ఆ తర్వాత 600 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి. పేపరును వేళ్లతో పట్టి రుద్దితే చారకు రెండు పక్కలా లోయలు పడతాయి. ఒక కోటు ఎండాక వెంట్రుక మందం కూడా ఉండదు. అందుకే తలుపు అంచుల దగ్గర, చెక్కుడు పని ఎత్తుల మీద చేయి చాలా తేలిక చేయాలి. లక్కరులోనే రంగు కలిపి కొట్టి ఉంటే గీకినచోట తెల్లచార తేలుతుంది. అక్కడ రంగు సరిచేశాకే పైకోటు.

చివరి కోటు విషయంలో ఏ సరుకు వేశారో తెలియాలి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కరైతే (డ్యూకో అనే రంగు పెయింటుదీ ఇదే జాతి) కొత్త కోటు పాతదాన్ని కరిగించి కలిసిపోతుంది. మెలమైన్, పీయూ (పాలీయురేథేన్) రకాల పూతలు అట్లా కలవవు. రుద్దుడు ఒక కోటు దాటి కింది కోటుకు చేరితే వలయంలాంటి గీత మిగులుతుంది. వాటికి చార చుట్టూ మాత్రమే కొట్టకుండా, ఆ పలక మొత్తాన్ని 400తో మెరుపు పోయేదాకా రుద్ది నిండుకోటు వేయాలి.

అసలు కారేది ఎందుకు? స్ప్రే గన్ను తలుపుకు ఆరేడు అంగుళాల కన్నా దగ్గర పట్టడం, చేయి చివరకు వచ్చాక ట్రిగ్గర్ వదలకపోవడం, ఒకే చోట రెండుసార్లు పోవడం. ఎండాకాలంలో గరుకు పడుతోందని థిన్నర్ ఎక్కువ పోసినా కారుతుంది. వానకాలంలో తెల్లబారకుండా నిదానంగా ఆరే థిన్నర్ వాడతారు, అది ఎక్కువసేపు పచ్చిగా ఉండి ఇంకా జారుతుంది. అప్పుడు పలుచని కోట్లే వేయాలి. పలకల మూలల్లో ముందు తేలిగ్గా కొట్టి, పక్కనుంచి ట్యూబులైటు పెట్టి చూసుకుంటే తడి ఎక్కడ ఎక్కువైందో అప్పుడే తెలుస్తుంది.

ఇంటివారు ముహూర్తానికి కనీసం పది రోజుల ముందు పాలిష్ పని ముగిసేలా చూడాలని మా విన్నపం. స్ప్రే జరిగిన గదిలో వాసన పోయేదాకా దీపం, అగరుబత్తి వెలిగించవద్దు. లక్కరు రుద్దిన పొడి, థిన్నర్ గుడ్డలు నిప్పురవ్వకే అంటుకుంటాయి, వాటిని నీళ్లలో తడిపి బయట పారేయాలి.

– పాలిష్ పనివారు, హన్మకొండ