ఆటవెలదికి అక్షరాలు లెక్కపెడితే యతి దొరకదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఆటవెలది పేరుతో వస్తున్న పద్యాలు చాలావరకు ఒకేచోట కుంటుతున్నాయి. రాసేవారు యతిని, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో మైత్రి కుదరాల్సిన చోటును, అక్షరాల లెక్కన వెతుకుతున్నారు. పాదానికి ఇన్ని అక్షరాలని నియమం ఉన్న వృత్తాల్లోలాగా ఆటవెలదిలో దానికి స్థిరమైన అంకె లేదు. ఇక్కడ లెక్క గణాలది. గణమంటే లఘువుల (పొట్టి అక్షరాల), గురువుల (పొడుగు అక్షరాల) జట్టు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. సూర్యగణం గురువు, లఘువు కలిసిన రెండక్షరాల గలం కావచ్చు, మూడు లఘువుల నగణం కావచ్చు. కాబట్టి యతి ఏడో అక్షరం నుంచి పదో అక్షరం దాకా ఎక్కడైనా పడుతుంది.

మన మెరీనా ఒడ్డునే చూడండి:

కడలి కెరట మొకటి కాలిని ముద్దాడ
నిసుక గూడు చెదిరె నింతలోనె

మొదటి పాదంలో మూడు నగణాలు, ఆపైన ఇంద్రగణాలైన భగణం (గురువు, రెండు లఘువులు), తగణం (రెండు గురువులు, లఘువు). ‘క’కు ‘కా’ యతి. ఇక్కడ ‘ఒకటి’ని ‘ఒక్కటి’ చేస్తే చాలు, పాదం కూలిపోతుంది. ఒత్తు వల్ల ‘మొ’ గురువై, ‘మొక్క’ గలమై మూడో గణం అక్కడే ముగుస్తుంది. నాలుగోది ‘టి’తో మొదలవుతుంది. యతి పోవడం ఒకటి, ‘టికా’ అని లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే ఇంద్రగణమే లేకపోవడం మరొకటి. అచ్చులో వస్తున్న తప్పుల్లో ఇలాంటి అనవసరపు ఒత్తులే ఎక్కువ. ‘ముద్దాడ, ఇసుక’ అని సంధి విడగొట్టడం కూడా దోషమే. పాదం మారినా పద్యం ఆగదు.

చెన్నై పిల్లలకు ఇంకో చిక్కుంది. బడిలో తమిళం చదివినవారికి మోనై (మొదటి అక్షరాల పొందిక), ఎదుగై (రెండో అక్షరాల పొందిక) తెలుసు. యతిప్రాసలకు అవి దగ్గర చుట్టాలు కాబట్టి త్వరగానే పట్టుకుంటారు. కానీ తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం. యతిలో క, ఖ, గ, ఘ మిత్రాలే కనుక ఆ అలవాటు ఆటవెలదిలో బయటపడదు. కందానికి వచ్చేసరికి పట్టుబడుతుంది. అక్కడ ప్రాస తప్పనిసరి, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలోని హల్లు ఒకటే కావాలి. ‘ఆకు’కు ‘సాగు’ ప్రాస కాదు.

బ్రౌన్ దొర 1829లో వేమన ఆటవెలదులను అచ్చు వేయించింది ఈ ఊళ్లోనే. ఇక్కడ వెలువడే పేజీలో ప్రతి పద్యం కింద ఒక్క పాదానికైనా గణవిభజన వేయండి. తిప్పిపంపే పద్యాల్లో ఏ గణం దగ్గర తప్పిందో గీత గీసి పంపండి. నడక కుదరకున్నా భావం బాగున్నవాటిని తప్పక వేయండి, ఆటవెలది అన్న పేరు మాత్రం తీసేసి.

— ఒక పద్యాభిమాని, మైలాపూర్, చెన్నై