2025-26 వార్షిక నివేదిక: కండరాల జబ్బుల పరిశోధనకు మన వాటా

సభ్యులందరికీ నమస్కారం.

కండరాల జబ్బులున్న పిల్లల కుటుంబాలం కలిసి నడుపుకుంటున్న మన సంఘానికి ఈ ఏడాది ఎక్కువ ఫోన్లు ఒక్క విషయం మీదే వచ్చాయి కాబట్టి ముందు దాని సంగతే చెబుతున్నాం. వచ్చిన విరాళాల్లో నాలుగో వంతు పరిశోధన నిధిగా పక్కన పెట్టాలని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. ఆ రోజు చేతులెత్తిన వాళ్లలోనే కొందరు తర్వాత ఫోన్ చేసి, "మా వాడికి వీల్‌చైర్ లేదు, మీరు సైంటిస్టులకి డబ్బులిస్తామంటారా?" అని గట్టిగానే అడిగారు. అడగాల్సిన మాటే. వీల్‌చైర్లకి ఇచ్చేది మాత్రం తగ్గించలేదు, లెక్కల్లో చూసుకోవచ్చు.

ఇక పరిశోధన దేనికంటారా? ఫ్రాన్సులో ఇలాంటి పిల్లల కుటుంబాలే 1958లో సంఘం పెట్టుకున్నాయి. 1987 నుంచి ఏటా డిసెంబరులో టీవీలో టెలిథాన్ నడిపి జనం దగ్గర చందాలు పోగుచేస్తున్నాయి. ఆ చందాలతోనే 1990లో జెనెథాన్ అనే ల్యాబు వెలిసింది. వెన్నెముక నరాలు దెబ్బతిని పసిపిల్లల కండరాలు చచ్చుబడే ఎస్‌ఎంఏ జబ్బుకి ఏ జన్యువు కారణమో 1995లో పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం కనిపెట్టింది. అది తెలిశాకే మందుల పని ముందుకు కదిలింది. 2016లో నుసినెర్సెన్‌కి, 2019లో జోల్‌జెన్‌స్మాకి అమెరికాలో అనుమతి వచ్చింది. పేపర్లలో పదహారు కోట్ల ఇంజెక్షన్ అని రాసేది ఈ రెండో దాని గురించే. దాని వెనక జెనెథాన్ చేసిన పని కూడా ఉంది. మామూలు జనం చందాలతో మొదలైన పని చివరికి ఏ మామూలు ఇంటికీ అందని ధరకి చేరడం మాకు మింగుడుపడటం లేదు. కాకపోతే ధరలు దిగవనీ కాదు. ఎస్‌ఎంఏకే నోటి ద్వారా ఇచ్చే రిస్‌డిప్లామ్ సీసా మన దేశంలో ఆరు లక్షల పైచిలుకు ఉండేది. కోర్టులో పేటెంటు గొడవ నడిచాక 2025 అక్టోబరులో హైదరాబాద్ కంపెనీ నాట్కో అదే మందుని రూ. 15,900కి తెచ్చింది.

ఎక్కువగా మగపిల్లల్లో చిన్నప్పటి నుంచే కండరాలు క్షీణించే డూషెన్ జబ్బు విషయంలో ఇంత మంచి కబురు లేదు. దానికి కారణమైన జన్యువు 1986లోనే దొరికింది. నలభై ఏళ్లయినా మన పిల్లల్లో ఎక్కువమందికి అందుతున్నది స్టెరాయిడ్, ఫిజియోథెరపీ మాత్రమే. ఆ జన్యువు చాలా పెద్దది, 79 ఎక్సాన్లు, అంటే 79 ముక్కలు. ఏ ముక్క పోయిందనే దాన్నిబట్టి మందు మారుతుంది. 45 నుంచి 50 వరకు పోయిన పిల్లాడికి 51వ ముక్కని కణం చదవకుండా దాటించే మందు పనికిరావచ్చు, 53ని దాటించేది దండగ. 51 రకం సరిపోయేది మొత్తం డూషెన్ పిల్లల్లో 13 శాతం మందికే.

అందుకే ఈ ఏడు మన వాళ్ల జన్యు రిపోర్టులు పోగుచేయడం మీద పడ్డాం. చాలా ఇళ్లలో అవి పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో చీరల అడుగున ఉన్నాయి. ఒక ప్రైవేటు ల్యాబు ఇచ్చిన కాగితంలో "పాజిటివ్" అన్న ముక్క తప్ప ఏ ఎక్సాన్ పోయిందో లేదు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. కొందరికైతే కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే రక్తపరీక్ష తర్వాత ఇంకేమీ చేయించలేదు. రేపు ఎక్కడో కొత్త మందు ట్రయల్ మొదలైతే వాళ్లు అడిగే మొదటి కాగితమే మన దగ్గర లేదన్నమాట.

ఒంగోలు క్యాంపుకి కనిగిరి వైపు నుంచి ఆరేళ్ల బాబుని తీసుకొచ్చారు. పిక్కలు దిట్టంగా ఉన్నాయని ఇంట్లో మురిసిపోతున్నారట, బళ్లో మాత్రం బద్ధకస్తుడని పేరు. డాక్టరుగారు నేల మీద కూర్చుని లేవమంటే వాడు ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకి ఆనించి, తర్వాత మోకాళ్ల మీద, తొడల మీద వేసుకుంటూ లేచాడు. పిక్కలు ఉబ్బడం, ఇలా లేవడం రెండూ డూషెన్ గుర్తులే కాబట్టి చూస్తున్న తల్లులకి వేరే చెప్పాల్సిన పనిలేకపోయింది. నాయనమ్మ వెంటనే "మేనరికం వద్దంటే విన్నారా" అని కోడలి వైపు చూసింది. ఇది ప్రతి క్యాంపులోనూ వినే మాట కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. ఎస్‌ఎంఏ, భుజాలు, తుంటి చుట్టూ కండరాలు బలహీనపడే లింబ్ గర్డిల్ రకాల్లో చాలావాటికి మేనరికంతో ముప్పు పెరుగుతుంది, నిజమే. డూషెన్ లోపం తల్లి నుంచి వస్తుంది, మేనరికంతో దానికి సంబంధం లేదు. దాదాపు మూడింట ఒక వంతు కేసుల్లో తల్లిలో కూడా లోపం ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. తల్లిలో లోపం ఉందని తేలితే పిన్నమ్మలు, పెద్దమ్మలు, అక్కచెల్లెళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి.

జూలైలో రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు దగ్గర స్టాలు పెట్టాం. చందాలు పెద్దగా రాలేదు, నీడ కూడా లేదు. "ఇది పోలియోనా?" అని అడిగినవాళ్లే ఎక్కువ. కానీ ఆరోగ్య రొట్టె కోసం వచ్చిన తల్లులు కొందరు నంబరు రాసిచ్చి వెళ్లారు. మళ్లీ పెట్టాలనే కమిటీ అభిప్రాయం.

ఏపీలో వికలాంగుల పింఛన్ల రీవెరిఫికేషన్ టెన్షన్ అందరికీ తెలిసిందే. తీవ్రమైన కండరాల క్షీణతకి నెలకు రూ. 15,000 వస్తుంది కాబట్టి సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో జబ్బు పేరు సరిగా పడిందో లేదో చూసుకోండి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద రూ. 50 లక్షల వరకు సాయానికి మనకి దగ్గర కేంద్రం హైదరాబాద్ నిమ్స్.

పరిశోధన నిధి ఇంకా ఖర్చు కాలేదు, బ్యాంకులోనే ఉంది. దాన్ని ఎటు పంపాలన్నది ఈ సమావేశంలో తేలాలి. ఎక్సాన్ దాటించే మందు మీద పనిచేస్తున్న, తల్లిదండ్రులే పెట్టుకున్న బెంగళూరు ట్రస్టు డార్ట్‌కి ఇవ్వాలని కొందరు అంటున్నారు. పూర్తి జన్యు పరీక్ష చేయించుకోలేని మన కుటుంబాలకి ముందు ఆ పరీక్షలు చేయించి, వివరాలు వాళ్ల అనుమతితో పరిశోధకులకి అందుబాటులో పెట్టాలన్నది కమిటీలో ఎక్కువమంది మాట. కార్యదర్శిగా నేనూ ఆ వైపే. ఒప్పుకోనివాళ్లు తప్పకుండా వచ్చి మాట్లాడండి. ఆడిట్ లెక్కలు జతచేశాం. వచ్చేటప్పుడు పిల్లల రిపోర్టుల ఒరిజినల్స్, ఒక జెరాక్సు తెచ్చుకోండి. ఒరిజినల్స్ అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.

కార్యదర్శి, నెల్లూరు