లప్పం పట్టకముందే మెగ్గర్ పెట్టించు

హైదరాబాద్,
ఆదివారం

ఒరే శీనూ,

మల్కాజిగిరి ఫ్లాట్‌లో పాత వైరింగంతా పీకించావనీ, పైపులు వేయడం అయిపోయిందనీ, వైర్లు లాగడానికి వచ్చే సోమవారం మేస్త్రీ వస్తాడనీ రాశావు. ఏ కంపెనీ వైరు కొనాలని అడిగావు. దానికి జవాబు చిన్నదే. పని సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుందన్నది నువ్వు అడగలేదు. నాకు దిగులంతా దాని గురించే. కాస్త పొడుగు ఉత్తరం, ఓపిగ్గా చదువు.

ముందు వైరు. ట్రూప్ బజార్‌లో ఏ దుకాణానికైనా వెళ్లు, కానీ కట్ట మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 (వైర్ల ప్రమాణం) అన్న అంకె, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. వైర్లకు ఈ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2003లోనే ఆర్డర్ ఇచ్చింది. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. తర్వాత తూకం వేయించు. 90 మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం కట్టలో రాగి ఒక్కటే సుమారు రెండు కిలోలుంటుంది. 1.5 అయితే కిలో 200 గ్రాములు, 4 అయితే మూడు కిలోల 200. పైనున్న పీవీసీ బరువు దీనికి అదనం. 2.5 కట్ట మొత్తం కలిపే రెండు కిలోలు తూగితే రాగి తగ్గించారన్నమాట. 0.3 ఎంఎం పోగులు 2.5కి 36, 1.5కి 22 ఉండాలి, కూర్చుని లెక్కపెట్టు. ఒక పోగుని బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత.

లైట్లూ ఫ్యాన్లకూ 1.5, పదహారు ఆంప్స్ సాకెట్లకు 2.5, ఏసీకీ గీజర్‌కీ విడివిడిగా 4 లాగించు. ఒక లైటు సర్క్యూట్ మీద పది పాయింట్లు, 800 వాట్లు దాటనివ్వకు. పవర్ సర్క్యూట్ మీద రెండు పాయింట్లకు మించొద్దు. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు. అది వైరుని కాపాడటానికి పెట్టేది, ఏసీని కాపాడటానికి కాదు. ఏసీ వేసినప్పుడల్లా పడిపోతోందని 2.5 వైరు మీద 32 ఆంప్స్ ఎంసీబీ బిగించే వాళ్లున్నారు. అప్పుడు ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది. 2.5కి 16, 4కి 20, లైట్లకు 6 లేదా 10. నీ పాత సాంక్షన్ లోడు రెండు ఏసీలకు సరిపోకపోతే మన కరెంటు కంపెనీ టీజీఎస్పీడీసీఎల్‌లో లోడు పెంచమని ఇప్పుడే అప్లికేషన్ పెట్టు.

ఇక అసలు విషయం. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి మార్చుకోవడం తప్ప మిగతా వైరింగ్ పనంతా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి, అదీ కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న మనిషి పర్యవేక్షణలో. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఉన్న మాటే ఇది. కాంట్రాక్టర్ లైసెన్సు, పని చేసే కుర్రాడి వైర్‌మ్యాన్ పర్మిట్ రెండూ అడుగు. పేరూ గడువూ చూసి ఫోటో తీసి పెట్టుకో. 15 మీటర్లు దాటిన భవనానికి మొదట సప్లై ఇచ్చే ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. కానీ ఇరవై ఏళ్ల తర్వాత నీ ఫ్లాట్ లోపల చేయించే రీవైరింగ్ కోసం ఎవరూ వచ్చి తలుపు కొట్టరు. ఆ తనిఖీ నువ్వే చేయించుకోవాలి.

చాలా చోట్ల పని పాయింటు లెక్కన ఇస్తారు కదా, తేడాలు అక్కడే మొదలవుతాయి. పాయింటుకి ఇంత అన్నప్పుడు ఎర్త్ వైరు లాగడం దండగ ఖర్చులా అనిపిస్తుంది. ఎర్త్ లేకపోతే సాకెట్‌లోనే చిన్న వైరు ముక్కతో న్యూట్రల్ పిన్నునీ ఎర్త్ పిన్నునీ కలిపేస్తారు. త్రీపిన్ టెస్టర్ పెడితే దాని లైట్లన్నీ సరిగ్గానే వెలుగుతాయి. కానీ ఎప్పుడో ఆ న్యూట్రల్ వదులైతే వాషింగ్ మెషీన్ రేకు మీదికే 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. అలా కలిపిన చోటు అసలు ఎర్త్‌కి ఎక్కడైనా తగిలితే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) నిలవదు, లోడు పడగానే ట్రిప్ అవుతుంది. ఒక గది న్యూట్రల్ ఇంకో గది న్యూట్రల్‌తో కలిసినా, రెండు ఆర్‌సీసీబీలుంటే అదే గతి. "అన్నా, మీ ఆర్‌సీసీబీ ఖరాబైంది, తీసేద్దాం" అంటారు. తీయనివ్వకు. అది చెబుతున్నది నిజం. తప్పు ఎక్కడుందో వెతికించు. 30 మిల్లీఆంప్స్‌ది పెట్టించు, ఇళ్లకు నిబంధన చెప్పే హద్దు అదే. ఇల్లంతా ఒకేసారి చీకటి కాకుండా రెండుగా విడగొట్టించు.

ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా, ఎర్త్ బాగుందనుకోకు. ఆ బటన్ ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య లోపల్లోపలే చిన్న కరెంటు పంపిస్తుంది. ఇంట్లో ఎర్తే లేకపోయినా పడుతుంది. మల్టీమీటర్ కూడా అంతే. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 చూపించినంత మాత్రాన నమ్మకు. తుప్పు పట్టిన ఒక్క పోగు తగులుతున్నా అదే అంకె చూపిస్తుంది. ఎర్త్ దారి ఎంత గట్టిగా ఉందో చెప్పేది లూప్ ఇంపెడెన్స్ మీటరు. మన హైదరాబాద్ నేల కింద గ్రానైట్, ఎండాకాలంలో గుంట ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది. అపార్ట్‌మెంట్ ఎర్త్ గుంటల రీడింగు మే నెలలో తీయమని అసోసియేషన్ వాళ్లకు చెప్పు, వానాకాలంలో తీసిన అంకె చూసి ఊరుకోవద్దను.

వైర్లు లాగాక, స్విచ్చులు బిగించకముందు, లప్పం పట్టకముందు మెగ్గర్ (వైరు తోలు ఎంత గట్టిగా ఉందో, లీకుందో కొలిచే మీటరు) పెట్టించు. 500 వోల్టుల డీసీ మీద ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్, ఫేజు–న్యూట్రల్ మూడూ కొలవాలి, ఒక్కో సర్క్యూట్‌కి విడిగా. బల్బులూ అడాప్టర్లూ ఏవీ తగిలించి ఉండకూడదు, లేకపోతే అవి కాలిపోతాయి, రీడింగూ తప్పుతుంది. నిబంధన ప్రకారం 1 మెగాఓమ్ చాలు. నా మాట విను, కొత్త వైరింగ్‌కి అది చాలదు. వందల్లో రావాలి. రెండో మూడో చూపిస్తోందంటే పైపు వంపు దగ్గర వైరు లాగేటప్పుడు తోలు చెక్కుకుపోయిందనో, లోపల తడి ఉందనో అర్థం. అప్పుడైతే మళ్లీ లాగించడం గంట పని. రంగులేశాక గోడ పగలగొట్టాలి.

బిగింపులయ్యాక మిగతావి చూడు. ప్రతి స్విచ్చూ ఫేజులోనే ఉందా, సాకెట్‌లో కుడి పక్క ఫేజు వచ్చిందా, డీబీలో (ఎంసీబీలన్నీ ఉండే పెట్టెలో) స్క్రూలు వదులుగా ఉన్నాయా. వదులు స్క్రూ దగ్గరే వేడి పుట్టి బోర్డు నల్లబడుతుంది. నెల తిరిగాక, మెయిన్ ఆపి, ఒకసారి మళ్లీ బిగించమను. ఆర్‌సీసీబీని టెస్టర్‌తో చూస్తే 30 మిల్లీఆంప్స్ దగ్గర 300 మిల్లీసెకన్ల లోపు, 150 దగ్గర 40 లోపు పడాలి. ఈ అంకెలన్నీ సర్క్యూట్ వారీగా కాగితం మీద రాసి కాంట్రాక్టర్ సంతకం పెట్టి, లైసెన్సు నంబరు వేసి ఇవ్వాలి. ఆ కాగితం చేతికొచ్చే దాకా ఆఖరి వాయిదా డబ్బు నీ దగ్గరే ఉంచుకో. ఈ మాట పని మొదలవకముందే చెప్పు, చివర్లో చెబితే గొడవవుతుంది.

శుక్రవారం లోపు డీబీలో ఏ ఎంసీబీ ఏ గదికో ఒక బొమ్మ గీసి ఫోటో పంపు. వైర్లు లాగడం అయ్యాక ఫోన్ చెయ్యి, మెగ్గర్ పట్టుకుని నేనే వస్తా. వదినకి నమస్కారాలు చెప్పు.

నీ
వాసు